బడ్జెట్ కోతలపై ఎమ్మెల్యేను అడిగే ముందు: అపోహలు – వాస్తవాలు

ఒక ఊరి శాఖా గ్రంథాలయానికి దినపత్రికలు రావడం ఆగిపోయింది. గ్రామసభకు వచ్చిన శాసనసభ్యుణ్ణి విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకరు లేచి అడిగారు. "బడ్జెట్‌లో కోత పడింది మాస్టారూ, నా చేతిలో ఏముంది చెప్పండి" అన్నారు ఎమ్మెల్యే. "కోత ఎక్కడ పడిందండీ? విద్యాశాఖకు నిరుటి కంటే ఎక్కువే ఇచ్చారని టీవీలో విన్నాను కదా" అన్నారు మాస్టారు. గంటసేపు వాదన సాగింది. ఇద్దరూ అబద్ధమాడలేదు. కానీ ఇద్దరూ పట్టుకున్న అంకె వేరు, పత్రికలు ఆగిన కారణం వేరు.

నేను ఖజానా శాఖలోనూ, ఆర్థిక శాఖ బడ్జెట్ విభాగంలోనూ పనిచేసి రిటైరయ్యాను. సరైన ప్రశ్న అడిగి ఉంటే మాస్టారు ఆ రోజే గెలిచేవారు. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

అపోహ: సభ ఆమోదించిన డబ్బు ఖర్చు పెట్టి తీరాలి.

అన్నింటికన్నా బలమైన అపోహ ఇది, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. బడ్జెట్ ఖర్చు కోసం సభ ఆమోదించే ద్రవ్య వినిమయ చట్టం ప్రభుత్వానికి అనుమతి మాత్రమే ఇస్తుంది. ఫలానా పద్దు (ఒక శాఖ ఖర్చుకు అడిగే మొత్తం) కింద, ప్రభుత్వ రాబడి చేరే సంచిత నిధి నుంచి ఇంతవరకు తీసుకోవచ్చని గీత గీస్తుంది. గీత దాటితే మళ్లీ సభకు రావాలి. గీతకు ఇవతలే ఆగిపోతే రావలసిన పని లేదు. వంద రూపాయలు కేటాయించి అరవైతో సరిపెట్టినా ఆ చట్టాన్ని ఉల్లంఘించినట్టు కాదు.

కేటాయించిన రూపాయి ఊరికి చేరాలంటే చాలా మెట్లు దిగాలి. శాఖ అడగాలి, పరిపాలనా అనుమతి రావాలి, ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు ఇవ్వాలి, డ్రాయింగ్ అధికారి బిల్లు పెట్టాలి, ఖజానా దాన్ని పాస్ చేయాలి, చివరికి చెల్లించడానికి ఆ రోజు చేతిలో నగదు ఉండాలి. నా ఉద్యోగ జీవితంలో చూసిన కోతల్లో ఎక్కువ భాగం బడ్జెట్ పుస్తకంలో కనబడనివే. విడుదల దగ్గరో, పాసైన బిల్లు చెల్లింపు దగ్గరో పడినవే. నగదు తక్కువైన నెలలో వడ్డీలు, జీతాలు, పెన్షన్లు ముందు వెళ్తాయి. హాస్టల్ డైట్ బిల్లులు, చిన్న కాంట్రాక్టర్ల బిల్లులు, పత్రికల బిల్లులు వరుసలో వెనక్కి జరుగుతాయి. మార్చి 31 దాటితే, ఖర్చు కాని కేటాయింపు మురిగిపోతుంది. ఈ కోతను ఎవరూ ప్రకటించరు, దానిపై చర్చ జరగదు. హాస్టల్లో పిల్లల కంచం ముందు మాత్రం అది తెలిసిపోతుంది.

కాబట్టి ఎమ్మెల్యేను "ఎంత కేటాయించారు?" అని అడిగి ఊరుకోకండి. ఎంత విడుదలైంది, ఎంత చెల్లించారు అని కూడా అడగండి. బడ్జెట్ పుస్తకంలోనే దీనికి ఒక ఆధారం ఉంటుంది. 2024-25 పుస్తకం తెరిస్తే 2022-23 వాస్తవ వ్యయం పక్కనే అచ్చయి ఉంటుంది. 2022-23లో మొదట కేటాయించిన అంకెను పాత పుస్తకంలో చూసి, రెండింటినీ పక్కపక్కన పెట్టండి. రాష్ట్రం మొత్తం రాబడి, వ్యయాలు నెలనెలా ఎలా ఉన్నాయో, ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ తన వెబ్‌సైటులో పెడుతుంది. ఈ కాగితాలు చేతిలో ఉంటే వాదన తీరే మారుతుంది.

అపోహ: కోత పెట్టాలంటే అసెంబ్లీలో నిర్ణయం జరగాలి.

2020 మార్చి చివరి రోజులు గుర్తు చేసుకోండి. కరోనా వల్ల రాబడి పడిపోయిందని రెండు తెలుగు రాష్ట్రాలూ జీతాల్లో, పెన్షన్లలో కొంత భాగాన్ని వాయిదా వేశాయి. ఉత్తర్వులతోనే ఆ పని జరిగింది. విషయం హైకోర్టుకు వెళ్లాక, జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్సు (సభ జరగనప్పుడు గవర్నర్ జారీ చేసే తాత్కాలిక చట్టం) తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో వాయిదా వేసిన మొత్తాన్ని 12 శాతం వడ్డీతో చెల్లించాలని హైకోర్టు ఆదేశించింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వడ్డీని 6 శాతానికి తగ్గించింది. జీతం, పెన్షన్ హక్కులు కాబట్టి కోర్టు తలుపు తట్టే వీలుంది. గ్రంథాలయ పత్రికల బిల్లుకు అలాంటి అండ లేదు. దాని తరఫున అడగవలసింది ఊరి మనుషులే.

అపోహ: ఎమ్మెల్యే గట్టిగా పట్టుబడితే సభలో కేటాయింపు పెంచగలరు.

పెంచలేరు. రాజ్యాంగం 203వ అధికరణం ప్రకారం పద్దును సభ ఆమోదించవచ్చు, తిరస్కరించవచ్చు, తగ్గించవచ్చు. గవర్నర్ సిఫారసు లేకుండా ఏ పద్దూ సభ ముందుకే రాదు. కొత్తగా డబ్బు కావాలంటే ప్రభుత్వమే అనుబంధ పద్దులు తేవాలి. అప్పులపై వడ్డీల వంటి చార్జ్‌డ్ వ్యయాన్ని సభ చర్చించగలదే తప్ప దానిపై ఓటు వేయలేదు. "సభలో పెంచుతాను" అని మాట ఇచ్చే అభ్యర్థిని నమ్మకండి. "పెంచలేకపోయావు" అని నిందించడమూ న్యాయం కాదు.

అపోహ: మన పద్దుకు కోత తీర్మానం ఇచ్చిన ఎమ్మెల్యే మన నిధులకు అడ్డుపడ్డాడు.

ఈ మాట మీద ఊళ్లలో గొడవలు పడటం చూశాను, అందుకే చెబుతున్నాను. కోత తీర్మానాల్లో ఒక రకం, పద్దులోంచి వంద రూపాయలు తగ్గించాలని కోరుతుంది. వందల కోట్ల పద్దులో వంద రూపాయలు తగ్గితే ఎవరికీ నష్టం లేదు. ఒక నిర్దిష్టమైన బాధను సభ రికార్డులోకి ఎక్కించడానికి సభ్యుడి చేతిలో ఉన్న సాధనం అది. పద్దును ఒక్క రూపాయికి తగ్గించమంటే మాత్రం ఆ విధానాన్నే వ్యతిరేకిస్తున్నట్టు. కోత తీర్మానం నెగ్గితే ప్రభుత్వానికి మెజారిటీ లేదని అర్థం, కాబట్టి అవి దాదాపుగా నెగ్గవు. మీ ఎమ్మెల్యే కోత తీర్మానం ఇచ్చారని తెలిస్తే, కోపం తెచ్చుకునే ముందు అందులో ఏమి రాశారో చదవండి.

అపోహ: ఫిబ్రవరిలో చదివిందే ఆ ఏడాది బడ్జెట్.

ఎన్నికల ఏడాదిలో అలా ఉండకపోవచ్చు. 2024-25కు ఆంధ్రప్రదేశ్‌లో ముందు ఓట్ ఆన్ అకౌంట్ (పూర్తి బడ్జెట్ వచ్చేదాకా కొన్ని నెలల ఖర్చుకు సభ ఇచ్చే అనుమతి), తర్వాత ఆర్డినెన్సు, చివరికి నవంబరు 11న పూర్తి బడ్జెట్ వచ్చాయి. తెలంగాణలో పూర్తి బడ్జెట్ జులై 25న వచ్చింది. అలాంటి ఏడాదిలో ఏ నెల అంకె చూపిస్తున్నారో ముందు అడగాలి.

అపోహ: కేంద్రం ఇవ్వలేదు, అందుకే కోత.

కొంత నిజం ఉంది. 15వ ఆర్థిక సంఘం పంచుకునే పన్నుల్లో రాష్ట్రాలన్నిటికీ కలిపి 41 శాతం ఇమ్మంది, కానీ కేంద్రం వేసే సెస్సులు, సర్‌చార్జీలు ఆ వాటాలోకి రావు. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు తెచ్చుకోవాలంటే 293వ అధికరణం కింద కేంద్రం సమ్మతి కావాలి. అయితే ఉన్న డబ్బులో ఎవరి బిల్లు ముందు చెల్లించాలన్న నిర్ణయం రాష్ట్రానిదే. ఆ వరుసను కేంద్రం రాయదు.

అపోహ: అయితే ఎమ్మెల్యే చేయగలిగింది ఏమీ లేదు.

ఇది ఎమ్మెల్యేలే నమ్మే అపోహ. నక్షత్ర గుర్తు ప్రశ్న వేస్తే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి. అధికార పక్ష సభ్యులూ అడగవచ్చు. "మా నియోజకవర్గంలో ఫలానా పథకం కింద కేటాయింపు ఎంత, విడుదల ఎంత, చెల్లించని బిల్లులు ఎన్ని, ఏ తేదీ నుంచి ఆగాయి?" అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు. సచివాలయం నుంచి మండలం వరకు ఆ లెక్క తీయవలసి వస్తుంది. లెక్క తీస్తున్నప్పుడే కొన్ని బిల్లులు కదులుతాయి. అటువైపు కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. ప్రజా పద్దుల సంఘంలో ఉన్న సభ్యులైతే కాగ్ నివేదికలు పట్టుకుని అధికారులను పిలిపించి అడగగలరు. ఓటరుగా మీరు సొంతంగా సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు, దానికి 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఆ సమాధానం తీసుకెళ్లి ఎమ్మెల్యేకు ఇవ్వండి. ఆయనకు ప్రశ్న సిద్ధమవుతుంది.

ఇక మాస్టారి గ్రంథాలయం సంగతి. 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘం పెట్టుకున్న జాతి మనది. 1960 గ్రంథాలయ చట్టం ప్రకారం ఆస్తిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. పంచాయతీలూ మున్సిపాలిటీలూ దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. అంటే మాస్టారు కట్టే ఇంటిపన్నులోనే పత్రికల డబ్బు ఉంది. ఎమ్మెల్యే చూపించిన రాష్ట్ర బడ్జెట్ కోతకూ దానికీ సంబంధం లేదు. పంచాయతీ సొంత రాబడి కూడా ఖజానాలోనే ఉంటుంది కాబట్టి, దాన్ని కదిలించాలన్నా బిల్లు పెట్టాల్సిందే.

మాస్టారు దరఖాస్తు పెట్టారు. సెస్సు జమ చేయడానికి పంచాయతీ ఫిబ్రవరిలో పెట్టిన బిల్లు, చెల్లింపు కాకుండానే ఆర్థిక సంవత్సరం ముగియడంతో వెనక్కి వచ్చిందని సమాధానంలో ఉంది. కొత్త ఏడాదిలో దాన్ని మళ్లీ ఎవరూ పెట్టలేదు. మాస్టారు ఆ కాగితాన్ని ఎమ్మెల్యే చేతిలో పెట్టారు. ఆయన అక్కడే నిలబడి రెండుసార్లు చదివి, అధికారికి ఫోను చేశారు. తొమ్మిది వారాలకు పత్రికలు మళ్లీ రావడం మొదలైంది. కొత్త పుస్తకాల డబ్బు ఇంకా రాలేదు. మాస్టారు రెండో దరఖాస్తు రాస్తున్నారు.