నోట్లోంచి ల్యాబ్‌కి: పళ్ల అచ్చుల్ని మందునీళ్లతో శుభ్రం చేసే పద్ధతి ఎందుకంత ఆలస్యంగా వచ్చింది?

పంటికి క్యాప్ వేయించుకున్నవాళ్లకీ, కట్టుడు పళ్లు చేయించుకున్నవాళ్లకీ అచ్చు తీయడమంటే ఏమిటో గుర్తుండే ఉంటుంది. పిండిలా కలిపిన పదార్థాన్ని ట్రేలో నింపి నోట్లో పెడతారు. అది గట్టిపడేదాకా ముక్కుతో గాలి పీల్చుకుంటూ కదలకుండా కూర్చోవాలి. ట్రే బయటికి రాగానే పేషెంట్ నోరు పుక్కిలించి లేస్తాడు. అచ్చు, క్యాప్‌లూ కట్టుడు పళ్లూ తయారుచేసే ల్యాబ్‌కి వెళ్తుంది.

అప్పుడే తీసిన ఆ ట్రేని ఒకసారి దగ్గరగా చూడండి. పైన తళతళా మెరిసేది ఉమ్మి. క్యాప్ కోసం అరగదీసిన పంటి గుంట చుట్టూ, చిగురు తగిలినచోట, దారమంత సన్నగా ఎర్రటి గీత కనిపిస్తుంది. అది నెత్తురు. పళ్ల సందుల్లోంచి ఊడి వచ్చిన పాచి అక్కడక్కడా తెల్లగా అంటుకుని ఉంటుంది. ఇదంతా ల్యాబ్‌లో కూర్చున్న టెక్నీషియన్ చేతికి వెళ్తుంది. ఆ పేషెంట్ ఎవరో, ఏ జబ్బుతో ఉన్నాడో అతనికి తెలిసే దారి లేదు.

అందుకే అచ్చుని ముందు కడిగి, తర్వాత క్రిమిసంహారక ద్రావణంతో శుభ్రం చేసి, ఆ తర్వాతే ల్యాబ్‌కి పంపాలంటారు. ఇప్పుడు డెంటల్ కాలేజీలో చేరిన ప్రతి విద్యార్థీ నేర్చుకునే విషయమే ఇది. కానీ ఈ నియమం గట్టిగా అమల్లోకి వచ్చి నలభై ఏళ్లే అయింది. అచ్చులు తీయడం మొదలై మాత్రం రెండున్నర శతాబ్దాలు దాటింది. ఇంత ఆలస్యం ఎందుకైందో చూస్తే, ఈ పద్ధతిలో ఇప్పటికీ ఉన్న ఇబ్బందులు కూడా అర్థమవుతాయి.

మైనంతో అచ్చు తీసి, అందులో ప్లాస్టర్ పోసి నమూనా చేసే విధానాన్ని ప్రష్యా (నేటి జర్మనీ ప్రాంతం) దంతవైద్యుడు ఫిలిప్ ఫాఫ్ 1756లోనే రాసిపెట్టాడు. 1850ల్లో ఇంగ్లండ్‌లో చార్లెస్ స్టెంట్, వేడి చేస్తే మెత్తబడే అచ్చు పదార్థాన్ని మెరుగుపరిచాడు. అప్పటికి జబ్బులు సూక్ష్మజీవుల వల్ల వస్తాయన్న సంగతే వైద్యులు ఒప్పుకోలేదు కాబట్టి వాళ్లని తప్పుపట్టలేం. 1867లో సర్జన్ జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ యాసిడ్‌తో గాయాల్ని కాపాడవచ్చని చూపించాక ఆపరేషన్ గదులు మారాయి, పరికరాల్ని మరిగించడం అలవాటైంది. అచ్చు సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. నోట్లోకి వెళ్లే వస్తువు శుభ్రంగా ఉండాలన్నది అందరికీ తోచింది. నోట్లోంచి బయటికి వచ్చే వస్తువు ఇంకొకరికి ముప్పు తెస్తుందన్నది తోచలేదు.

మందులు లేక ఆగిన పని కాదిది. క్లోరిన్ ద్రావణాన్ని దుర్వాసనకీ కుళ్లుకీ విరుగుడుగా ఫ్రాన్స్‌లో లబరాక్ అనే కెమిస్ట్ 1820ల్లోనే వాడాడు. మొదటి ప్రపంచయుద్ధంలో కెమిస్ట్ హెన్రీ డేకిన్ 0.5 శాతం సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్) ద్రావణంతో సైనికుల గాయాలు కడిగించాడు. ఇప్పుడు అచ్చులకి వాడే గాఢత దాదాపు అంతే! గ్లూటరాల్డిహైడ్ అనే ఇంకో క్రిమిసంహారకం కూడా 1960ల తొలినాళ్లకే ఆసుపత్రుల్లోకి వచ్చేసింది. సీసాలు అల్మరాలోనే ఉన్నాయి, ల్యాబ్‌లో మనిషి గుర్తుకు రావడానికే ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

గుర్తుకు తెచ్చింది హెపటైటిస్ బి, రక్తం ద్వారా సోకి కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ జబ్బు. 1960ల్లో అమెరికా శాస్త్రవేత్త బరూచ్ బ్లంబర్గ్ ఆ వైరస్ ఆనవాలు కనిపెట్టాక, రక్తపరీక్షతో దాన్ని పట్టుకోవడం వీలైంది. 1970ల్లో దంతవైద్యుల రక్తం పరీక్షించి చూస్తే, మామూలు జనంలో కంటే వాళ్లలో ఆ వైరస్ సోకిన గుర్తులు ఎక్కువగా కనిపించాయి. 1981లో అంతకంటే భయపెట్టే సంగతి బయటపడింది. ఎండిపోయి వారం రోజులు నిల్వ ఉన్నాక కూడా ఈ వైరస్‌కి జబ్బు తెప్పించే శక్తి పోలేదని పరిశోధకులు చూపించారు. అచ్చు ల్యాబ్‌కి చేరడానికి వారం పట్టదు, ఒకటి రెండు రోజులు చాలు.

ఆ ఏడాదే ఎయిడ్స్ తొలి కేసులు ప్రచురితమయ్యాయి. శరీరం బయట హెచ్‌ఐవీ హెపటైటిస్ బి అంత మొండిది కాదు. అయినా జనంలో, వైద్యుల్లో టెన్షన్ పెంచింది అదే. నా ఉద్దేశంలో అచ్చులకి సంబంధించినంతవరకు నిజమైన ప్రమాదం హెపటైటిస్‌ది, నియమాల్ని వేగంగా రాయించిన భయం ఎయిడ్స్‌ది.

అచ్చు మీద క్రిములు ఉంటే ఏం, ప్లాస్టర్ పోసి గట్టిపడ్డాక చచ్చిపోవా అని అడిగేవాళ్లు అప్పట్లో ఉండేవాళ్లు. 1983లో లియుంగ్, షాన్‌ఫెల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని పరీక్షించారు. అచ్చు మీది బ్యాక్టీరియా ప్లాస్టర్ నమూనా మీదికి చేరుతోందని, అక్కడ బతికే ఉంటోందని తేలింది. టెక్నీషియన్ నమూనాని కత్తిరిస్తాడు, అరగదీస్తాడు, ఆ పొడి మధ్యే కూర్చుంటాడు. చేతికి చిన్నగా కోసుకోవడం ఆ పనిలో మామూలే. 1990లో ఇంకో అధ్యయనం అమెరికాలో క్లినిక్‌ల నుంచి ల్యాబ్‌లకి వచ్చిన వస్తువుల్ని పరీక్షిస్తే, 67 శాతం వాటి మీద బ్యాక్టీరియా కనిపించింది. అంటే ప్రతి మూడింట్లో రెండు.

పలానా అచ్చు వల్లే పలానా టెక్నీషియన్‌కి జబ్బు వచ్చిందని నిరూపించడం చాలా కష్టం. హెపటైటిస్ బి లక్షణాలు బయటపడటానికి రెండు నుంచి ఐదు నెలలు పడుతుంది. అప్పటికి ఎన్ని వందల అచ్చులు అతని చేతుల మీదుగా పోయి ఉంటాయో! లెక్కకి రాలేదు కాబట్టి ప్రమాదం లేదనుకున్న ఏళ్లు చాలానే గడిచాయి.

1986 ఏప్రిల్‌లో అమెరికా రోగనియంత్రణ సంస్థ సీడీసీ దంతవైద్యానికి విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. అచ్చుల మీది రక్తం, ఉమ్మి శుభ్రంగా తుడిచి, క్రిమిరహితం చేసిన తర్వాతే ల్యాబ్‌లో ముట్టుకోవాలని అందులో ఉంది. ఏ పదార్థం ఏ మందుకి తట్టుకుంటుందో తయారీదారుల్ని అడిగి తెలుసుకోమని కూడా రాశారు. 1988లో, మళ్లీ 1996లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ క్లినిక్‌కీ ల్యాబ్‌కీ కలిపి సూచనలు ప్రచురించింది.

తయారీదారుల్ని అడగమన్న ఆ ఒక్క మాట వెనకే అసలు చిక్కంతా ఉంది. అచ్చుని ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో కూడిన వేడి ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం) పెట్టలేం, మరిగించలేం, ఆకారం పోతుంది. కాబట్టి చల్లటి ద్రావణం తప్ప దారి లేదు. ఆ ద్రావణం కూడా అన్ని అచ్చులకీ ఒకేలా పనిచేయదు.

ఆల్జినేట్‌నే తీసుకోండి. సముద్రపు నాచు నుంచి వచ్చే అచ్చు పదార్థమిది. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ నుంచి అగర్ (అప్పట్లో అచ్చులకి వాడే ఇంకో నాచు పదార్థం) రావడం ఆగిపోవడంతో దీని అవసరం పెరిగింది. గట్టిపడిన ఆల్జినేట్‌లో ఎక్కువ భాగం నీళ్లే. ద్రావణంలో వదిలేస్తే నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, గాలికి వదిలేస్తే నీళ్లు కోల్పోయి కుంచించుకుపోతుంది. పైగా రబ్బరులాంటి సిలికాన్ అచ్చుల కంటే క్రిములు దీనికే ఎక్కువగా పట్టుకుంటాయి. ఎక్కువ శుభ్రం చెయ్యాల్సింది దేన్నో, ఎక్కువసేపు ముంచకూడనిదీ అదే. అందుకే చాలామంది ద్రావణాన్ని బాగా స్ప్రే చేసి, మూత పెట్టిన ప్లాస్టిక్ సంచిలో పది నిమిషాలు ఉంచి, కడిగి, వెంటనే ప్లాస్టర్ పోస్తారు. పాలీఈథర్ అనే రబ్బరులాంటి అచ్చు పదార్థం కూడా తడిని పీలుస్తుంది కాబట్టి దానికీ పది నిమిషాలు దాటనివ్వరు. అడిషన్ సిలికాన్ అనే రకానికి ఈ బాధ తక్కువ, ముంచినా ఆకారం నిలుపుకుంటుంది.

ఇదంతా చాదస్తం కాదు. క్యాప్ అంచుకీ పంటికీ మధ్య 120 మైక్రాన్ల దాకా ఖాళీ ఉంటే సర్దుకోవచ్చని 1971లో ఒక అధ్యయనం చెప్పింది. ఇప్పటికీ చాలామంది ఆ లెక్కనే ఆధారంగా తీసుకుంటారు. అంటే మిల్లీమీటర్‌లో ఎనిమిదో వంతు కంటే తక్కువ. అచ్చు కొంచెం ఉబ్బినా క్యాప్ సరిగ్గా కూర్చోదు, సందులోకి పాచి చేరి లోపల పన్ను పుచ్చుతుంది.

మందుల్లోనూ దేని తిప్పలు దానివే. హైపోక్లోరైట్ చవక, వేగంగా పనిచేస్తుంది, క్షయ క్రిముల మీదా పనిచేస్తుంది. కానీ రక్తం, ఉమ్మి తగిలితే దాని బలమంతా వాటితోనే ఖర్చయిపోతుంది. ముందు నీళ్లతో కడగాలనేది అందుకే. ఆ కడగడాన్ని మానేసి నేరుగా ముంచితే చేసినట్టు కనిపిస్తుందే తప్ప క్రిములు చావవు. కలిపి ఉంచిన ద్రావణం నిల్వ ఉన్నకొద్దీ బలహీనపడుతుంది, కాబట్టి ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. లోహపు ట్రేలకి తుప్పు పట్టిస్తుంది కూడా. గ్లూటరాల్డిహైడ్ ఇంకా గట్టిది, కానీ దాని ఆవిరి కళ్లనీ ఊపిరితిత్తుల్నీ ఇబ్బంది పెడుతుంది. పడనివాళ్లకి ఆస్తమా తెప్పిస్తుంది. టెక్నీషియన్‌ని కాపాడటానికి తెచ్చిన మందు క్లినిక్‌లో సహాయకురాలి ఊపిరి మీదికి వస్తే ఏం లాభం? మూత లేని డబ్బాలో దాన్ని పెట్టడం నా దృష్టిలో పెద్ద తప్పు.

1985లో జ్యూరిక్‌లో సెరెక్ యంత్రంతో నోట్లోనే కెమెరా పెట్టి కొలత తీసుకోవడం మొదలైంది. స్కానర్లు వచ్చినచోట ల్యాబ్‌కి ఫైలే వెళ్తుంది కాబట్టి టెక్నీషియన్‌కి ఈ ముప్పు తప్పింది. స్కానర్ కొన మాత్రం ఒక నోట్లోంచి ఇంకో నోట్లోకి వెళ్తుంది, దాన్ని శుభ్రం చేసే బాధ్యత క్లినిక్ మీద పడింది. అచ్చులు మాత్రం ఇంకా పోలేదు, ముఖ్యంగా కట్టుడు పళ్ల సెట్ల దగ్గర.

ఇన్నేళ్లయినా తేలని ప్రశ్న ఒకటుంది. శుభ్రం చెయ్యాల్సింది క్లినిక్కా, ల్యాబా? క్లినిక్ చేసిందనుకుని ల్యాబ్ ఊరుకుంటుంది, ల్యాబ్ చేస్తుందిలే అని క్లినిక్ వదిలేస్తుంది. లేదా ఇద్దరూ చేసి, ఆల్జినేట్‌ని రెండుసార్లు నానబెట్టి పాడుచేస్తారు. 2003లో సీడీసీ దీనికి చాలా మామూలు ఉపాయం చెప్పింది: ఏ ద్రావణం వాడారో, ఎంతసేపు ఉంచారో రాసి అచ్చుతోపాటు పంపమంది. ల్యాబ్ నుంచి తిరిగి వచ్చే వాటికీ ఇదే వర్తిస్తుంది, ఎందుకంటే పాలిష్ చేసే ప్యూమిస్ పొడి ద్వారా ఒకరి క్రిములు ఇంకొకరి కట్టుడు పళ్లకి చేరతాయి. రెండు మాటలు రాసిన చీటీ చాలు. అది లేని సంచి వచ్చినప్పుడు టెక్నీషియన్ గ్లవ్స్ తొడుక్కుని, అచ్చుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, చిగురు అంచు దగ్గర ఎర్ర గీత ఉందేమోనని వెతుక్కోవాల్సిందే.