రెండో గీత పడగానే పాజిటివ్ అనెయ్యరు, ఎందుకని?

"మొదటి హెచ్ఐవీ టెస్టులో రియాక్టివ్ అన్నారు, ఇంకో రెండు చేసి ఏమీ లేదు పొమ్మన్నారు, ఇంతకీ దేన్ని నమ్మాలి?" అని ఒకాయన టెన్షన్‌గా అడిగారు. చివరి మాటే నమ్మండి, ల్యాబ్ వాళ్లు చెయ్యాల్సిందే చేశారు.

ర్యాపిడ్ కిట్ పట్టీ మీద హెచ్ఐవీ ప్రొటీన్లు సన్నటి గీతలా పూసి ఉంటాయి. వేలి నుంచి తీసిన రక్తంలో ఆ వైరస్ మీద తయారైన యాంటీబాడీలు ఉంటే అక్కడ అతుక్కుని రంగు తేలుతుంది, దాన్నే రియాక్టివ్ అంటారు. పక్కన కంట్రోల్ గీత రాకపోతే కిట్టే పాడైందని పారేస్తారు. చిక్కేమిటంటే, వేరే దేనికోసమో పుట్టిన యాంటీబాడీ కూడా ఒక్కోసారి అక్కడే అంటుకుంటుంది.

ఇక్కడే నాకు భలే ఇష్టమైన లెక్క ఉంది. మన దేశంలో పెద్దవాళ్లలో హెచ్ఐవీ సుమారు 0.2 శాతం, అంటే 10,000 మందిలో 20 మంది. కిట్ వైరస్ లేనివాళ్లలో 99.5 శాతం మందికి సరిగ్గా లేదనే చెబుతుందనుకుందాం. మిగతా 9,980 మందిలో అర శాతం, అంటే దాదాపు 50 మందికి ఊరికే గీత పడుతుంది. మొత్తం గీత పడ్డ 70 మందిలో నిజంగా ఉన్నది 20 మందికే! అంత మంచి కిట్‌కీ ఇదే గతి. ఇప్పుడు ఈ 70 మందికి వేరే రకం ప్రొటీన్లు వాడే రెండో కిట్ పెడితే ఆ 50 మందిలో ఒక్కరు కూడా మిగలడం కష్టం, మూడోదాంతో ఆ అనుమానమూ పోతుంది. అదే కిట్‌ని మూడుసార్లు వాడితే మాత్రం అబద్ధమాడిన సాక్షినే మళ్లీ మళ్లీ బోనెక్కించినట్టు, అదే తప్పు మళ్లీ చెబుతుంది. అందుకే మన ఐసీటీసీల్లో, అంటే హెచ్ఐవీ టెస్టు చేసి సలహా ఇచ్చే ప్రభుత్వ కేంద్రాల్లో, మూడు వేర్వేరు కిట్లూ రియాక్టివ్ అయితేనే పాజిటివ్ అని రాస్తారు. టెస్టు ఉచితం, వివరాలు బయటపెట్టరు. పెళ్లికి జాతకాలు పదిచోట్ల చూపించేవాళ్లు ఈ టెస్టు మాటెత్తితే ముఖం మాడ్చుకుంటారెందుకో!

నెగటివ్ వచ్చినా తేదీ చూసుకోవాలి. వైరస్ సోకాక యాంటీబాడీలు కనబడటానికి 23 నుంచి 90 రోజులు పట్టొచ్చు. పీ24 అనే వైరస్ ప్రొటీన్‌ని కూడా పట్టే ల్యాబ్ టెస్టుకి 18 నుంచి 45 రోజులు, వైరస్ ఆర్ఎన్ఏనే వెతికే న్యాట్‌కి 10 నుంచి 33 రోజులు. అనుమానం తీర్చుకోవడానికి రక్తదానం చేసేవాళ్లున్నారు, ఆ పని అస్సలు చెయ్యకండి, ఆ తొలి రోజుల్లో బ్లడ్ బ్యాంక్ టెస్టుకీ వైరస్ దొరక్కపోవచ్చు.

పసిపిల్లల సంగతి వేరు. తల్లి యాంటీబాడీలు మాయ (ప్లాసెంటా) దాటి బిడ్డకొస్తాయి కాబట్టి, వైరస్ లేని బిడ్డకీ 18 నెలల దాకా గీత పడొచ్చు. అందుకని ఆరు వారాలకే మడమ దగ్గర పొడిచి, రక్తపు చుక్కల్ని కాగితపు కార్డు మీద ఆరబెట్టి పీసీఆర్‌కి పంపిస్తారు. అది యాంటీబాడీల జోలికే పోదు, నేరుగా వైరస్ జన్యుపదార్థాన్నే వెతుకుతుంది.