బెట్టింగ్ యాప్‌లు, మన పిల్లలు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో టీనేజీ పిల్లలకు, కుర్రాళ్లకు కౌన్సెలింగ్ చేస్తాను. బెట్టింగ్‌లో చిక్కుకున్న పిల్లల తల్లిదండ్రులు ముందు అడిగేది ఒకటే: "మా పెంపకంలో ఎక్కడ లోపం జరిగింది మేడమ్?" పెంపకాన్ని తప్పుపట్టే ముందు పిల్లల ఫోన్‌లోకి ఏం వస్తోందో చూడమంటాను.

అపోహ: చెడు సావాసాలు పట్టినవాళ్లే ఇందులోకి దిగుతారు.

వాస్తవం: బుద్ధిగా చదువుకునే పిల్లలూ దిగుతున్నారు. అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోచింగ్‌కు వెళ్లే కుర్రాడికి ఐపీఎల్ రోజుల్లో రీల్స్ మధ్యలోనే లింక్ కనిపిస్తుంది. అభిమానించే యూట్యూబర్ తన ఖాతాలో పడిన డబ్బు స్క్రీన్‌షాట్ చూపించి, టెలిగ్రామ్ ఛానల్‌లో చేరమంటాడు. మొదట్లో వంద, రెండొందలు నిజంగానే వస్తాయి. తర్వాత "అబ్బ, కొద్దిలో పోయింది" అనిపించే ఓటములు. అలాంటి ఓటమి కూడా గెలుపులాగే మెదడును ఊరిస్తుంది. తొందరపాటును ఆపే మెదడు ముందుభాగం పాతికేళ్లు వచ్చేదాకా ఎదుగుతూనే ఉంటుంది. జూద వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా రుగ్మతగానే గుర్తించింది.

అపోహ: రమ్మీ తెలివితేటల ఆట, తప్పేం లేదు.

వాస్తవం: రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ కేసులో. అప్పటికి ఆన్‌లైన్ ఆటలే లేవు. తెలంగాణ 2017లోనే పందెం కాసి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది.

అపోహ: కేంద్రం నిషేధించింది కదా, ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: 2025 ఆగస్టులో వచ్చిన చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ప్రచారం చేస్తే రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా పడవచ్చు. మంచి చట్టమే. కానీ విదేశాల నుంచి నడిచే యాప్‌లు పేర్లు మార్చుకుని మళ్లీ వస్తున్నాయి. పిల్లల యూపీఐ హిస్టరీ చూడండి. అర్ధరాత్రి పది నిమిషాల తేడాతో 200, 200, 500 ఎవరో తెలియని మనుషుల పేర్లకు వెళ్లి ఉంటే కూర్చోబెట్టి అడగండి. "నీ బ్యాంకు ఖాతా ఇవ్వు, కమిషన్ ఇస్తాం" అని ఎవరైనా అన్నారేమో కూడా అడగాలి. బెట్టింగ్ డబ్బు ఆ ఖాతాలోంచి తిరిగితే పోలీసులు ముందు వచ్చేది ఖాతాదారు దగ్గరికే.

అపోహ: అప్పు తీర్చేసి ఒట్టు వేయించుకుంటే సరిపోతుంది.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. పోయింది రాబట్టుకోవాలన్న తపన అప్పు తీరినా పోదు. భయంతో సగం అప్పే చెప్పి, మిగతాది తీర్చడానికి మళ్లీ ఆడతారు. లోన్ యాప్‌లు, స్నేహితులు, హాస్టల్ ఫీజు, అన్నీ కలిపి కాగితం మీద రాయించండి. తీర్చాల్సింది అప్పిచ్చినవాళ్లకు మీరే కట్టండి, పిల్లల చేతికి ఇవ్వొద్దు. కొన్నాళ్లు లావాదేవీలు మీకూ కనిపించేలా పెట్టుకోండి. బయటపడిన రోజు కొట్టకండి, బంధువుల ముందు పరువు తీయకండి, ఒంటరిగా వదలకండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటకొస్తుంది. అవునంటే ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలోనూ చూపించవచ్చు.