నకలు కుర్చీ, అసలు తగువు

ఆన్‌లైన్‌లో ‘మిడ్ సెంచరీ లాంజ్ చైర్’ అని వెతికితే పేజీ నిండా ఒకే కుర్చీ వస్తుంది. వంపు తిరిగిన మూడు చెక్క షెల్స్, వాటిలో ఒదిగిన నల్లటి తోలు దిండ్లు, కింద అయిదు కాళ్ళ అల్యూమినియం స్టాండు, ముందర కాళ్ళు చాపుకోవడానికి అదే తీరులో ఒక ఒట్టోమన్. బొమ్మలు ఒకేలా ఉన్నా ధరలకు మాత్రం పొంతన ఉండదు: ఒకచోట కొన్ని వందల డాలర్లు, ఇంకోచోట కొన్ని వేలు. ధర తక్కువైన చోటల్లా ‘ఈమ్స్ స్టైల్’, ‘ఇన్‌స్పైర్డ్’, ‘రీప్రొడక్షన్’ అనే మాటల్లో ఏదో ఒకటి తగిలించి ఉంటుంది. ఆ మాటల ఎంపిక వెనక లాయర్ల సలహా ఉంటుంది. ఈ నకలు అమ్మడం తప్పా కాదా అన్నదానికి అమెరికా ఒకటి చెప్పింది, ఐరోపా మరొకటి చెప్పింది, బ్రిటన్ అయితే మధ్యలో మాటే మార్చేసింది.

ఈ కుర్చీని రూపొందించిన డిజైనర్లు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు 1941లో లాస్ ఏంజెలెస్ చేరారు. ప్లైవుడ్‌ను ఒక వైపుకే కాకుండా అన్ని వైపులకూ వంచాలన్నది వాళ్ళ పట్టుదల. అందుకోసం తాముంటున్న అపార్ట్‌మెంట్‌లోనే ఒక యంత్రం కట్టుకుని దానికి ‘కజామ్’ అని పేరు పెట్టారు. యుద్ధం రావడంతో ఆ పనితనం మొదట ఆసుపత్రికి పనికొచ్చింది. కాలు విరిగిన సైనికులకు కట్టే బద్దలను వంచిన ప్లైవుడ్‌తో చేసి అమెరికా నౌకాదళానికి దాదాపు 1,50,000 సరఫరా చేశారు. యుద్ధం ముగిశాక అదే నేర్పుతో చవకైన ప్లైవుడ్ కుర్చీలు, 1950 నుంచి ప్లాస్టిక్ కుర్చీలు. మంచి సరుకు ఎక్కువ మందికి తక్కువ ధరలో అందాలన్నది ఈమ్స్‌ల నినాదం.

నకళ్ళు అమ్మేవాళ్ళు ఈ నినాదాన్నే పట్టుకుంటారు. అసలు కంపెనీ ధర పెంచేసింది, డిజైనర్ల ఆశయాన్ని నిలబెడుతున్నది మేమే అంటారు. ప్లాస్టిక్ కుర్చీ విషయంలో ఆ వాదనకు కొంత బలముంది. లాంజ్ చైర్‌కు మాత్రం అది అతకదు. మిషిగన్‌కు చెందిన హెర్మన్ మిల్లర్ కంపెనీ 1956లో దీన్ని 670 (కుర్చీ), 671 (ఒట్టోమన్) నంబర్లతో విడుదల చేసినప్పుడే ఇది డబ్బున్నవాళ్ళ సరుకు. పైన బ్రెజిల్ రోజ్‌వుడ్ వెనీర్ (పలచటి చెక్క పొర), అసలైన తోలు, ఎక్కువ భాగం చేతిపని. బేస్‌బాల్ ఆటగాడు వాడి వాడి మెత్తబడిన తోలు గ్లవ్‌లా, ఆదరంగా పిలుస్తున్నట్టు ఉండాలని చార్లెస్ కోరుకున్నాడు. ఎన్‌బీసీ టీవీలో ఆర్లీన్ ఫ్రాన్సిస్ నడిపే ‘హోమ్’ కార్యక్రమంలో జనానికి చూపించారు. పేరొచ్చింది, దాని వెంటే నకళ్ళూ వచ్చాయి.

మసాచుసెట్స్‌లోని లారెన్స్ ఊళ్ళో ప్లైక్రాఫ్ట్ అనే కంపెనీ అచ్చం ఇలాంటి కుర్చీలనే తక్కువ ధరకు తయారుచేసింది. చిత్రమేమిటంటే, అప్పటి ఆ నకళ్ళు ఇప్పుడు పాత సామాన్ల మార్కెట్లో ‘వింటేజ్’ హోదాతో, తమ సొంత పేరుతోనే అమ్ముడవుతున్నాయి. నకలు కూడా తగినంత పాతబడితే మర్యాద దక్కించుకుంటుందన్నమాట.

ఇంతకీ నకలులో తప్పిపోయేది ఏమిటి? కుర్చీని వెనక్కి తిప్పి చూడండి. వీపు షెల్ మీద ఎక్కడా బోల్టు కనిపించదు. చేతి దిండ్ల లోపల ఉన్న లోహపు పట్టీలకు, చెక్కకు మధ్య గుండ్రటి రబ్బరు బిళ్ళలు ఉంటాయి. వీటినే షాక్ మౌంట్స్ అంటారు. చెక్కకు వీటిని జిగురుతోనే అంటిస్తారు. మనిషి వెనక్కి వాలినప్పుడు వీపు భాగం కొంచెం కదిలి సర్దుకునేది ఈ రబ్బరు వల్లే. అసలు కుర్చీకి బలహీనతా ఇక్కడే ఉంది. దశాబ్దాలు గడిచేసరికి రబ్బరు గట్టిపడుతుంది, ఒకరోజు బరువుగా వాలితే జిగురు ఊడి చెక్క పొరతో సహా చీలుకొస్తుంది. అందుకే పాత కుర్చీ కొనేవాళ్ళు ముందు అడిగేది షాక్ మౌంట్స్ మార్చారా అని.

చవక నకళ్ళలో చాలావరకు ఈ తలనొప్పే పెట్టుకోవు. చెక్కలోంచి స్క్రూలు బిగించేస్తాయి, కుర్చీ బిగదీసుకుని కూర్చుంటుంది. అసలు కుర్చీ ఒకే వాలులో ఉంటుంది, వెనక్కి పడుకోబెట్టే మీట ఉండదు. కొన్ని నకళ్ళు ఆ మీటను అదనపు సౌకర్యంగా చేర్చాయి. తోలు సంగతి మరీ ఘోరం. తోలు పొట్టును జిగురుతో కలిపి షీటుగా చేసిన బాండెడ్ లెదర్ కొన్నేళ్ళకే పొలుసులుగా రాలిపోతుంది, అమ్మేటప్పుడు మాత్రం ‘లెదర్’ అన్న మాటే పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

అలాగని అసలు కుర్చీ కూడా అప్పటిది అప్పటిలా లేదు. మొదట్లో అయిదు పొరల ప్లైవుడ్, ఇప్పుడు ఏడు. దిండ్లలో ఈకలు పోయి ఫోమ్ వచ్చింది. బ్రెజిల్ రోజ్‌వుడ్ అంతరించే ప్రమాదంలో పడి 1992లో, అంతరించిపోయే జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందం మొదటి అనుబంధంలోకి చేరింది, వ్యాపారం కోసం సరిహద్దులు దాటించడం నిషిద్ధమైంది. కంపెనీ వాల్‌నట్, చెర్రీ చెక్కలకు మారింది. కనుక అసలు, నకలు అన్న తేడాను పదార్థంతో తేల్చలేం. తేల్చేది హక్కు.

అమెరికాలో కాపీరైట్ చట్టం వాడుక వస్తువు ఆకారాన్ని కాపాడదు. డిజైన్ పేటెంట్ ఇస్తారు గానీ 1950ల నాటి పేటెంట్ల గడువు ఎప్పుడో తీరిపోయింది. దాంతో కంపెనీలు ‘ట్రేడ్ డ్రెస్’ను ఆశ్రయించాయి: ఆ రూపం చూడగానే జనానికి ఫలానా తయారీదారు గుర్తొస్తే, ఆ రూపమే ట్రేడ్‌మార్క్ లాంటిది. వస్తువు ఆకారానికి ఇలాంటి గుర్తింపు ఉందని రుజువు చేసుకోవాల్సిందేనని 2000లో వాల్‌మార్ట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హెర్మన్ మిల్లర్ పాలజెట్టీ అనే దిగుమతిదారుపై ఈ లాంజ్ చైర్ గురించే దావా వేసి కింది కోర్టులో ఓడింది. 2001లో ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ భాగాన్ని తిరగదోడి, గుర్తింపు ఉందా లేదా అన్నది విచారణలో తేలాలంది. తర్వాత కుర్చీ రూపానికి ట్రేడ్ డ్రెస్ రిజిస్ట్రేషన్ కూడా వచ్చింది.

ఐరోపాలో దారి వేరు. అక్కడ కుర్చీ కూడా కళాకృతి కాగలదు, అలా అయితే కాపీరైట్ సృష్టికర్త పోయాక 70 ఏళ్ళ దాకా నడుస్తుంది. అయితే దేశాల మధ్య తేడాలు ఉండేవి, వ్యాపారులు ఆ సందుల్లోంచే దూరారు. ఇటలీలో కొన్నట్టు కాగితాలు రాసి జర్మనీ ఇళ్ళకు నకళ్ళు చేరవేసిన ఒక రవాణా వ్యాపారికి జర్మన్ కోర్టు రెండేళ్ళ సస్పెండెడ్ శిక్ష వేసింది. ఆ సరుకులో ఈమ్స్ అల్యూమినియం కుర్చీలూ ఉన్నాయి. సరుకు స్వేచ్ఛగా తిరగవచ్చన్న నియమం అతన్ని కాపాడదని ఐరోపా న్యాయస్థానం 2012లో తేల్చింది.

బ్రిటన్‌లో 1988 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం 50 కంటే ఎక్కువ సంఖ్యలో తయారైన కళావస్తువుకు రక్షణ 25 ఏళ్ళే. నకళ్ళ వ్యాపారం అక్కడ దర్జాగా సాగింది. ఆ సెక్షన్ 2016 జులై 28న రద్దయింది, నిల్వ సరుకు వదిలించుకోవడానికి 2017 జనవరి 28 దాకా గడువిచ్చారు.

మిగిలిన చివరి వాదన అమెరికా పుట్టుక గురించి. తన దేశంలోనే కాపీరైట్ లేని కుర్చీకి మేమెందుకివ్వాలి? కాపీరైట్‌పై దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో దీనికి ఆధారమూ ఉంది. క్వాంటమ్ అనే చవక సామాన్ల దుకాణాల సంస్థ ఈమ్స్‌ల ప్లాస్టిక్ కుర్చీ కేసులో, ఐరోపాలో ఈమ్స్ ఫర్నిచర్ తయారుచేసే విట్రా మీద ఇదే వాదించింది. 2024 అక్టోబర్ 24న ఐరోపా న్యాయస్థానం కాదంది. అలాంటి మినహాయింపు పెట్టే అధికారం ఐరోపా యూనియన్ చట్టసభదే, సభ్యదేశాలది కాదని చెప్పింది. ఏ కుర్చీ కళాకృతి అన్నది మాత్రం ఆయా దేశాల కోర్టులే చూడాలి.

నాకు ఇందులో వింతగా తోచేది ఒక్కటే. షాక్ మౌంట్ కిటుకు ఇప్పుడు అందరిదీ, ఎవరైనా వాడుకోవచ్చు, కూర్చున్నవాడికి సుఖమిచ్చేదీ అదే. నకలు దాన్ని వదిలేసి, కోర్టుకు ఈడ్చే రూపాన్నే తీసుకుంటుంది. చార్లెస్ 1978లో పోయారు, రే సరిగ్గా పదేళ్ళకు అదే ఆగస్టు 21న. లాంజ్ చైర్ కళాకృతే అని ఒప్పుకున్న ఐరోపా దేశంలో ఆ రూపం మీద హక్కు 2058 చివరిదాకా ఉంటుంది.