స్లో కంప్యూటర్‌లో ఎమ్యులేటర్: అపోహలు - వాస్తవాలు

కావలిలో నా సర్వీస్ షాపుకొచ్చే కుర్రాళ్ల చేతుల్లో ఎక్కువగా ఉండేవి చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి తెచ్చుకున్న సెకండ్‌హ్యాండ్ ఆఫీసు ల్యాప్‌టాప్‌లే. రెండు కోర్ల ఐ5 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండదు. పాత గేమ్ కన్సోల్‌ను కంప్యూటర్‌లో అనుకరించి దాని ఆటలు ఆడించే సాఫ్ట్‌వేరే ఎమ్యులేటర్. వాటిలో అది వేసుకున్నాక ఆట నత్తనడక నడిస్తే ఎవరో ఏదో చెబుతారు. వీళ్లు ఇంట్లో పోరి డబ్బు తెచ్చి, పనికిరాని పార్టు కొనేస్తారు. ఆ డబ్బు మిగలాలనే ఇదంతా రాస్తున్నాను.

అపోహ: ప్లేస్టేషన్ 2 (పీఎస్2) కన్సోల్ ఎప్పుడో 2000లో వచ్చింది. ఇప్పటి కంప్యూటర్‌కు అదో లెక్కా?

వాస్తవం: దాని ప్రధాన ప్రాసెసర్ వేగం 300 మెగాహెర్ట్జ్ లోపే, నిజమే. కానీ దాని పక్కన లెక్కలు చేసే రెండు వెక్టర్ యూనిట్లు, గ్రాఫిక్స్ చిప్, సౌండ్ చిప్ అన్నీ ఒకేసారి పనిచేస్తుంటాయి. మన కంప్యూటర్ వాటి ఆదేశాలన్నిటినీ తనకు తెలిసిన ఆదేశాల్లోకి మార్చుకుంటూ, టైమింగ్ తప్పకుండా నడపాలి. ఇంకా పాత కన్సోల్ సూపర్ నింటెండో ప్రాసెసర్ వేగం 3.58 మెగాహెర్ట్జ్ మాత్రమే. అయినా దాన్ని పొల్లుపోకుండా అనుకరించే బీస్నెస్ ఎమ్యులేటర్‌కు 2011లో 3 గిగాహెర్ట్జ్ స్థాయి ప్రాసెసర్ కావాల్సి వచ్చింది. అదే ఆటలు స్నెస్9ఎక్స్ అనే ఇంకో ఎమ్యులేటర్‌లో అంతకంటే చాలా తక్కువ మెషిన్‌లోనూ హాయిగా ఆడతాయి. పాత కంప్యూటర్‌కు తేలికైన ఎమ్యులేటర్ ఎంచుకోవడమే మొదటి మందు.

అపోహ: కోర్లు ఎక్కువుంటే వేగం ఎక్కువ. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 40 శాతమే చూపిస్తోంది కాబట్టి ప్రాసెసర్‌కు ఇబ్బంది లేదు.

వాస్తవం: నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కన్సోల్ ప్రాసెసర్ పని ఒకదాని ఫలితం మీద ఇంకొకటి ఆధారపడి వరసగా సాగుతుంది. నారు ఎదగనిదే ఎంతమంది కూలీలొచ్చినా నాట్లు పడవు కదా. అందుకని ఒక్కో కోర్ ఎంత వేగంగా పనిచేస్తుందన్నదే ముఖ్యం. ఒక కోర్ నిండిపోయి మిగతావి చాలావరకు ఖాళీగా ఉన్నా, మొత్తం లెక్క 40 శాతమే చూపిస్తుంది.

పీఎస్2 ఎమ్యులేటర్ పీసీఎస్ఎక్స్2 సెట్టింగుల్లో ఆట తెర మీదే సీపీయూ, జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) వాడకం కనిపించేలా పెట్టుకోండి. అందులో ఈఈ అని ఉండేది పీఎస్2 ప్రధాన ప్రాసెసర్ పని. అది 100కి అంటుకుని ఉంటే రిజల్యూషన్ ఎంత తగ్గించినా లాభం లేదు. అలా కాక జీపీయూ 100 దగ్గర ఉంటే రిజల్యూషన్‌ను నేటివ్‌కు, అంటే కన్సోల్ అసలు రిజల్యూషన్‌కు దించండి, అప్పుడు తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రెండింతలు పెడితే గీయాల్సిన పిక్సెళ్లు నాలుగింతలవుతాయి, నాలుగింతలు పెడితే పదహారింతలు. ఇంకొక మాట: ఈఈ సైకిల్ రేటును 180 శాతానికి పెంచితే ఆట పరిగెడుతుందని చాలామంది అనుకుంటారు. అది అనుకరిస్తున్న కన్సోల్‌ను ఓవర్‌క్లాక్ చేయడం, అంటే అసలు కంటే వేగంగా నడపడం, మన సీపీయూ మీద ఇంకా బరువు వేయడమే. స్లో మెషిన్‌లో దాన్ని 100 కంటే తగ్గించి చూడాలి. కొన్ని ఆటలు దానికి ఒప్పుకోవు, అప్పుడు మళ్లీ 100కే తెచ్చేయండి.

అపోహ: సౌండ్ గరగరలాడితే సౌండ్ కార్డు పోయినట్టే.

వాస్తవం: ఎమ్యులేటర్ వేగం 100 శాతం కంటే పడిపోతే సౌండ్ బఫర్ (ముందుగా నింపి ఉంచుకునే సౌండ్ నిల్వ) ఖాళీ అయిపోతుంది, చెవికి అది గరగరలా వినిపిస్తుంది. ఎఫ్‌పీఎస్ (సెకనుకు గీసే బొమ్మల సంఖ్య) 30 చూపించిందని కంగారు పడక్కర్లేదు, చాలా ఆటలు అసలు కన్సోల్‌లోనే 30తో నడుస్తాయి. చూడాల్సింది వేగం శాతం.

అపోహ: మొదట్లో బాగానే ఆడి పది నిమిషాలకు స్లో అయితే వైరస్ పట్టినట్టే.

వాస్తవం: అనుమానించాల్సింది వేడిని. మన రోహిణి కార్తె ఎండల్లో, రేకుల గదిలో, పరుపు మీద పెట్టి ఆడితే ఏ ల్యాప్‌టాప్ తట్టుకుంటుంది? సీపీయూ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. వెనక మూత విప్పితే ఫ్యాన్‌కు, రాగి రేకులకు మధ్య దుమ్ము దళసరి గుడ్డలా అట్టకట్టి ఉంటుంది, గోటితో లాగితే ఒకే ముక్కగా ఊడొస్తుంది. అది తీసి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని బయటికి లాగేందుకు రాసే పేస్ట్) తుడిచి కొత్తది రాస్తే, కొత్త పార్టు ఏదీ కొనకుండానే ఆట దారికొచ్చిన మెషిన్లు చాలా చూశాను. చార్జర్ కూడా చూసుకోండి. కొన్ని ల్యాప్‌టాప్‌లు డూప్లికేట్ చార్జర్‌ను గుర్తించకపోతే సీపీయూ వేగాన్ని బాగా తగ్గించేస్తాయి. టాస్క్ మేనేజర్‌లో ఆట మధ్యలో వేగం 1 గిగాహెర్ట్జ్ లోపే ఉండిపోతే వేడి కంటే ముందు చార్జర్ మార్చి చూడండి.

అపోహ: గేమ్ బూస్టర్ సాఫ్ట్‌వేర్ వేస్తే వేగం పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు. విండోస్ పవర్ ప్లాన్‌ను హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టి, బ్రౌజర్ మూసేయండి.

అపోహ: ఎస్ఎస్‌డీ (వేగమైన స్టోరేజీ డ్రైవ్), ర్యామ్ వేస్తే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: ఎస్ఎస్‌డీతో లోడింగ్ తొందరగా అవుతుంది, ఆట వేగం పెరగదు. ర్యామ్ సంగతి కొంచెం వేరు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మెషిన్‌లో బొమ్మ గీసే పనికీ ఆ ర్యామే వాడుకుంటుంది. 4 జీబీ స్టిక్ ఒక్కటే ఉన్నచోట అలాంటిదే ఇంకొకటి జతచేస్తే రెండు దారుల్లో డేటా నడుస్తుంది, జీపీయూకు ఊపిరి ఆడుతుంది. పాతది తీసేసి ఒకే 8 జీబీ స్టిక్ పెట్టించుకుంటే ఈ లాభం రాదు. కొనేముందు మూత తీయించి, రెండో స్లాట్ ఉందో లేదో చూసుకోండి.