ఒక లిస్టు, నాలుగు కంట్రోళ్లు: జామెల్ తగవు ఎక్కడ మొదలైంది?

మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ 10లో మౌయికి, అంటే ఫోన్, డెస్క్‌టాప్ యాప్‌లు కట్టే ఫ్రేమ్‌వర్క్‌కి, జామెల్ సోర్స్ జనరేటర్ వచ్చింది. జామెల్ అంటే స్క్రీన్ రూపాన్ని ట్యాగులతో రాసే మార్కప్ భాష. ఎంచుకుంటే మార్కప్ అంతా బిల్డ్‌లోనే సీషార్ప్ కోడ్ అయిపోతుంది. మరి సొంతంగా రాసుకున్న కంట్రోళ్లలో (బటన్, లిస్టు లాంటి స్క్రీన్ భాగాల్లో) కలెక్షన్ ప్రాపర్టీలు, అంటే లిస్టును విలువగా పట్టుకునేవి, ఇంకా ఎందుకు తిప్పలు పెడుతున్నాయి? తప్పు రాసినవాళ్లదా, ఫ్రేమ్‌వర్క్‌దా?

అసలు ముడి 2006 నవంబరులో, జామెల్ వాడే విండోస్ ఫ్రేమ్‌వర్క్ డబ్ల్యూపీఎఫ్ విడుదలతో పడింది. అందులో డిపెండెన్సీ ప్రాపర్టీని (స్టైల్, జామెల్ లాంటి చోట్ల నుంచి విలువ తీసుకోగల ప్రాపర్టీని) క్లాసుకి ఒక్కసారే రిజిస్టర్ చేస్తారు. అప్పుడిచ్చిన డిఫాల్ట్ విలువ ఆ క్లాసు కంట్రోళ్లన్నిటికీ ఉమ్మడి. అంకో రంగో అయితే ఇబ్బంది లేదు. అక్కడ కొత్త లిస్టు పెడితే మాత్రం మొదటి కంట్రోల్‌లో వేసిన ఐటెమ్‌లు రెండోదాంట్లోనూ ప్రత్యక్షం. ట్యాగుల మధ్య రాసినవాటిని ఉన్న లిస్టుకే యాడ్ చేయడం జామెల్ పద్ధతి, ఆ లిస్టు ఎవరిదో అడగదు. కంపైలర్ కిక్కురుమనదు.

కన్‌స్ట్రక్టర్‌లో, అంటే కంట్రోల్ తయారయ్యేటప్పుడు నడిచే కోడ్‌లో, ఒక్కో కంట్రోల్‌కి కొత్త లిస్టు ఇవ్వండి అంటుంది మైక్రోసాఫ్ట్ డాక్యుమెంటేషన్.

కంట్రోళ్లు రాసేవాళ్ల బాధ అక్కడితో తీరదు. కన్‌స్ట్రక్టర్‌లో సెట్ చేసింది లోకల్ విలువ, అంటే ఆ ఒక్క కంట్రోల్‌కే నేరుగా ఇచ్చిన విలువ అవుతుంది. స్టైల్‌లో ఎవరైనా ఇంకో లిస్టు ఇస్తే పైచేయి లోకల్ విలువదే, స్టైల్ వృథా. ఒక గుంట పూడిస్తే పక్కన ఇంకోటి. పైగా డబ్ల్యూపీఎఫ్ తన సొంత క్లాసుల కోసం ఒక్కో ఆబ్జెక్టుకి విడిగా విలువ తయారుచేసే డిఫాల్ట్ వాల్యూ ఫ్యాక్టరీని లోపల పెట్టుకుంది. అది ఇంటర్నల్, బయటివాళ్లు వాడలేరు. అంటే అవసరం తెలియక కాదు.

మౌయికి ముందున్న జామరిన్ ఫార్మ్స్‌లో ఆ సౌకర్యం అందరికీ ఇచ్చారు, పేరు డిఫాల్ట్ వాల్యూ క్రియేటర్. మౌయికీ అదే వచ్చింది.

కంపైలేషన్ తెచ్చిన లాభం ఒకటుంది. ప్రాపర్టీ టైపు ఐఎన్యూమరబుల్ (ఐటెమ్‌లను ఒక్కొక్కటిగా చదవడానికి మాత్రమే పనికొచ్చే టైపు) అని రాస్తే దానికి ఐటెమ్ చేర్చే యాడ్ మెథడ్ లేదు. లోపల అసలు లిస్టే ఉన్నా కంపైలర్ చూసేది ప్రకటించిన టైపునే, కాబట్టి ఆ పొరపాటు బిల్డ్‌లోనే దొరుకుతుంది. ఉమ్మడి లిస్టు మాత్రం దొరకదు. క్రియేటర్ వాడకుండా డిఫాల్ట్ విలువ చోట నేరుగా కొత్త లిస్టు రాసి చూడండి, డాట్‌నెట్ 10లోనూ బిల్డ్ పాసవుతుంది.