ఒంటబట్టడం వేరు, నోటికి రావడం వేరు

స్కూలు పిల్లల కౌన్సెలింగ్‌లో మాకు తరచూ తగిలే మాట ‘అంతర్గతీకరణ’ (ఇంటర్నలైజేషన్). ఇళ్లలో దీన్నే చదువు ఒంటబట్టడం అంటాం.

అపోహ: ఎక్కం గడగడా అప్పజెబితే ఒంటబట్టినట్టే.

వాస్తవం: పదహారో ఎక్కం తడబడకుండా చెప్పిన బాబును “పెన్ను పదహారు రూపాయలు, ఎనిమిది పెన్నులకు ఎంత?” అని అడిగాను. “కూడాలా, గుణించాలా?” అన్నాడు.

అపోహ: లెక్క చేస్తూ గొణిగేవాళ్లకు ఏకాగ్రత తక్కువ.

వాస్తవం: అసలు సంగతంతా ఆ గొణుగుడులోనే ఉంది. 42లోంచి 17 తీసేస్తూ ఒక పాప, “రెండులో ఏడు పోదు, పక్కనుంచి అప్పు తెచ్చుకో, పన్నెండు...” అనుకుంటోంది. మాటలే కాదు, ఆ సాగదీత కూడా వాళ్ల టీచరమ్మదే! సోవియట్ మనస్తత్వవేత్త లెవ్ వైగోట్‌స్కీ (1896–1934) చెప్పింది ఇదే: ముందు ఇద్దరి మధ్య నడిచిన మాట, తర్వాత పిల్ల తనకు తాను పైకి చెప్పుకునే మాట అవుతుంది, ఆ పైన మనసులో మాట. పోనుపోను అది “అప్పు... పన్నెండు” దాకా కుదించుకుపోయి, ఒకరోజు పెదాలు కదలడమూ ఆగుతుంది. “నోరు మూసుకుని చెయ్యి” అని గదిమితే ఆ మెట్టు లాగేసినట్టే. ట్యూషన్లు చెప్పే రోజుల్లో నేనూ చాలామందిని గదిమాను.

అపోహ: భయంతో మొదలైనా అలవాటైతే చాలు.

వాస్తవం: డెసీ, రయన్ అనే మనస్తత్వవేత్తలు అలవాటవడానికీ ఒంటబట్టడానికీ తేడా చూపించారు. “చదవకపోతే సిగ్గుచేటు” అని చదివేవాడు చదవాలన్న నియమాన్ని మింగాడంతే, అది అరగలేదు. మార్కులు తగ్గినప్పుడల్లా టెన్షన్ వాడిదే.

అపోహ: ఏ శాస్త్రంలోనైనా ‘అంతర్గతీకరణ’ అనే మాటకు అర్థం ఒకటే.

వాస్తవం: కాదు. ఫ్యాక్టరీ మురుగు వల్ల ఊరు మోసే నష్టాన్ని ఫ్యాక్టరీ ఖాతాలోకే ఎక్కించడం ఆర్థికశాస్త్రంలో అర్థం. 1920లో ఆర్థికవేత్త ఆర్థర్ పిగూ పుస్తకం దానికి పన్ను దారి చూపింది. యజమాని మనసు మారక్కర్లేదు, బిల్లు మారితే చాలు. కణశాస్త్రంలోనైతే, చెడు కొలెస్ట్రాల్‌ను పట్టుకున్న గ్రాహకాన్ని (కణం పైపొర మీద ఉండి దాన్ని పట్టే ప్రోటీన్‌ను) కణం లోపలికి లాక్కోవడం. గ్రాహకం సరుకు దించేసి మళ్లీ పైకొస్తుంది. దీన్ని కనిపెట్టిన పనికే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలకు 1985లో నోబెల్ వచ్చింది.

అపోహ: అల్లరి చెయ్యని పిల్లకు ఏ సమస్యా లేదు.

వాస్తవం: ‘ఇంటర్నలైజింగ్’ సమస్యలంటే మేం చెప్పేది ఇలాంటి పిల్లల గురించే. దిగులు, భయం లోపలే ఉంటాయి. బయటికి కనిపించేది సోమవారం పొద్దున కడుపునొప్పి. మా దగ్గరికి వచ్చేసరికి ఒకట్రెండు స్కానింగులు కూడా అయిపోయి ఉంటాయి.